పదకొండో నంబరు అద్దం

మొదటి ఫొటో నల్లగా వచ్చింది.
ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారగట్ల నాలుగింటికి
వంజరం బుట్టలు, ఐసు దంచే కుర్రాళ్ళు, వేలం పాడే గొంతులు
అన్నీ ఉన్నాయి నా కళ్ళముందు.
తెరమీద మాత్రం ఒక్క బల్బు,
దాని చుట్టూ బొగ్గు.

రెండోది తెల్లగా వచ్చింది.
మిట్టమధ్యాహ్నం, బీచి రోడ్డు.
సముద్రం లేదు, ఆకాశం లేదు,
సున్నం కొట్టిన గోడలాంటి చదరం,
ఓ మూల మురీ మిక్చర్ బండి గొడుగు కొస.

ఓవర్‌టైము డబ్బుతో కొన్న సెకండ్ హ్యాండ్ కెమెరా.
నెత్తిన చక్రం, చక్రం మీద అక్షరాలు.
ఆకుపచ్చ గీత దగ్గరే ఉంచు, అన్నాడు అమ్మినవాడు,
మిగతావి నీకెందుకు.
ఆ "నీకెందుకు" పట్టుకునే
పాత పోస్టాఫీసు వెనక మేడమెట్లు ఎక్కాను,
మరిడయ్య గారి దగ్గరికి.

నలభై ఏళ్ళు పాస్‌పోర్టు ఫొటోలు తీసిన మనిషి.
ఊళ్ళో సగంమంది చెవులు ఆయనకు తెలుసు.
ఇప్పుడు రెండు కళ్ళలోనూ పొర.
కెమెరా చేతికిస్తే ముందు వాసన చూశారు.
"ఏటి పని సేస్తావు?"
ఓడల రిపేరు యార్డులో వెల్డరునండి.
"అయితే నీకు నేర్పడానికేటుంది!
నీ మొహమ్మీది అద్దం నంబరెంత?"
పదకొండండి. సన్నపనికి తొమ్మిది.
"నంబరు పెరిగితే?"
చీకటండి.
"ఇదీ అంతే. ఎఫ్ పదహారంటే సూది బెజ్జం.
ఎఫ్ రెండంటే వీధి తలుపు బార్లా తీసినట్టు.
పెద్ద నంబరు, సిన్న కన్నం.
లోకమంతా ఇక్కడే తడబడతాది."

తలుపు బార్లా తీస్తే ఇంకో సంగతి ఉందన్నారు:
దగ్గరున్న ఒక్క మొహమే నిలుస్తుంది,
వెనక కైలాసగిరి కరిగి పచ్చటి మరకవుతుంది.
బెజ్జం చేస్తే
కొండా, కొండమీది రోప్‌వే తీగా, తీగకింద మనిషీ
ఎవరికీ ఎక్కువా లేదు తక్కువా లేదు.
"ఎవలు కావాలో నువ్వు సెప్పాల. మిషను సెప్పదు."

తరవాత గుడ్డి పరీక్ష.
నేను నొక్కాలి, ఆయన వినాలి.
టక్.
"వెయ్యో వంతు. ఇరిగిన అల ఇరిగినట్టే ఆగిపోద్ది,
సుక్కలు లెక్కెట్టుకో."
ట... క్.
"పదిహేనో వంతు. నీ సెయ్యి వొణికింది."
వొణకలేదండి.
"వొణికింది. నాకినబడింది."
చూసుకుంటే కిటికీ ఊచ ఒక్కోటీ రెండు.
ఆ రాత్రి యార్డులో రేకు అంచు అతుకుతూ
మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి
సగం ఊపిరి వదిలి, సగం బిగబట్టి,
ఓహో, అనుకున్నాను,
ఇన్నేళ్ళూ ఇదేనా నేను చేస్తున్నది.

ఐఎస్ఓ అంటే ఏంటండీ అంటే నవ్వారు.
"అది అప్పు. సీకట్లో వెలుగు అప్పిస్తాది.
వడ్డీ ఇసకలో తీసుకుంటాది."
వంద దగ్గర నున్నటి గచ్చు.
ఆరువేల నాలుగొందల దగ్గర
భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలమీద గాలి లేచినట్టు
మొహం నిండా రేణువులు.
"అయినా అప్పు సెయ్యని కొంపుందేటి?"

మళ్ళీ హార్బరుకెళ్ళాను. అదే నాలుగ్గంటలు, అదే బల్బు.
ఎఫ్ రెండు పాయింట్ ఎనిమిది. అరవయ్యో వంతు. మూడువేల రెండొందలు.
రొయ్యలేరుతున్న మాసేనమ్మ తలెత్తింది.
"పొద్దున్నే బొమ్మలేటి, పక్కకి జరుగు."
టక్.
దీపం పసుపు ఆమె చెంపకు ఎక్కువైంది,
వైట్ బ్యాలెన్స్ సంగతే మర్చిపోయాను.
చెయ్యి కదిలింది. ఆవిడది, నాది కాదు.
అయినా వేలికి అంటుకున్న రొయ్య మీసం
వెంట్రుకంత స్పష్టంగా ఉంది.

మరిడయ్య గారికి చూపించలేను.
పక్కన కూర్చుని చెప్పాను: నంబర్లు, దూరం, మనిషి, మీసం.
చాలాసేపు మాట్లాడలేదు.
డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌసు వెలుగు
కిటికీలోకి వచ్చి, పోయి, మళ్ళీ వచ్చింది.
"సెవి అగుపడతందా?" అన్నారు.
ఎడమదండి.
"రెండూ ఉండాల. రేపు మళ్ళీ ఎల్లు."